మీ పీహెచ్‌సీలో బీపీని అదుపులోకి తేవడం ఎలా?

ఏ పీహెచ్‌సీకి వెళ్లి "మీ దగ్గర బీపీ పేషెంట్లు ఎంతమంది?" అని అడిగినా నిమిషంలో జవాబు వస్తుంది. స్క్రీనింగ్ ఎంతమందికి అయింది, కొత్త కేసులు ఎన్ని దొరికాయి, అవీ చెప్పేస్తారు. "వాళ్లలో ఇప్పుడు ఎంతమందికి 140/90 లోపు ఉంది?" అంటే మాత్రం రిజిస్టర్లు తిరగేయడం మొదలవుతుంది. పక్షవాతాన్ని, గుండెపోటును, కిడ్నీ జబ్బును ఆపేది ఈ రెండో అంకె.

మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి బీపీ ఉంది. అది అదుపులో ఉన్నవాళ్లు సుమారు 12 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ సంగతి మీదే 2017 నవంబరులో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ మొదలైంది. కేంద్ర ఆరోగ్య శాఖ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్రాలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నడిపిన ఈ కార్యక్రమం మొదట అడుగుపెట్టిన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఇందులో కొత్త మందు గానీ, ఖరీదైన యంత్రం గానీ లేదు. అందరికీ ఒకే మందుల పట్టిక, తెగని స్టాకు, డాక్టరు ఒక్కరి మీదే కాకుండా టీమంతా పని పంచుకోవడం, పేషెంటుకు ఇంటి దగ్గర్లోనే మందులు, ఎవరు వచ్చారో ఎవరు రాలేదో తెలిసే లెక్క. ఇంతే. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది కూడా ఈ మామూలు పనులకే.

ఇక్కడ చెప్పేది మెడికల్ ఆఫీసర్లకు, స్టాఫ్ నర్సులకు, సబ్‌సెంటర్లలో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందికి (ఎంఎల్‌హెచ్‌పీలకు), బీపీ, షుగర్‌లాంటి అంటుకోని జబ్బుల (ఎన్‌సీడీ) రిజిస్టరు చూసే ఏఎన్ఎంలకు.

1. ముందు అసలు లెక్క తీయండి

ఒక మధ్యాహ్నం ఓపీ అయిపోయాక రిజిస్టరుతోనో, ఎన్‌సీడీ పోర్టల్ లైన్ లిస్టుతోనో కూర్చోండి. కనీసం మూడు నెలల కిందట నమోదైన బీపీ పేషెంట్లందరినీ తీయండి. చనిపోయినవాళ్లను, శాశ్వతంగా ఊరు వదిలి వెళ్లినవాళ్లను, ఒకే మనిషి పేరు రెండుసార్లు పడినవాటిని తీసేయండి. మిగిలినవాళ్లను మూడు కుప్పలుగా వేయండి: ఈ మూడు నెలల్లో వచ్చి చివరిసారి 140/90 లోపు ఉన్నవాళ్లు, వచ్చినా ఎక్కువే ఉన్నవాళ్లు, అసలు రానివాళ్లు.

చాలామంది తప్పు లెక్క కట్టేది ఇక్కడే. ఉదాహరణకు 400 మంది నమోదయ్యారు, 150 మంది వచ్చారు, వాళ్లలో 90 మందికి అదుపులో ఉంది అనుకుందాం. 150లో 90 అంటే 60 శాతం. రివ్యూ మీటింగులో చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ 400లో 90 అంటే 22.5 శాతం. మీ పీహెచ్‌సీ అసలు పరిస్థితి ఇది. రానివాళ్ల బీపీ ఎంతుందో మనకు తెలియదు, కాబట్టి అదుపులో లేనట్టే లెక్క. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మిగతా పనులన్నీ సరైన దారిలో పడతాయి.

ఏ కుప్ప పెద్దదో చూస్తే ఎక్కడ పని చేయాలో తెలుస్తుంది. రెండోది పెద్దదైతే సమస్య కొలతలోనో, డాక్టరు కలంలోనో ఉంది. మూడోది పెద్దదైతే సమస్య మందుల గదిలోనో, ఫోన్ల దగ్గరో ఉంది. చాలా చోట్ల మూడోదే పెద్దది.

అదే కూర్చోవడంలో ఇంకో చిన్న పరీక్ష. చివరి వంద రీడింగుల్లో పై అంకె సున్నాతో ముగిసినవి ఎన్నో లెక్కపెట్టండి. డిజిటల్ మిషన్ అయితే పదింట ఒకటి ఉండాలి. పేజీ నిండా 130/80, 140/90, 150/90 కనిపిస్తుంటే కొలిచినవాళ్లు అంకెలు సర్దుతున్నారన్నమాట, లేదా కొలవకుండానే రాస్తున్నారు. ఎవర్నీ తిట్టకండి. ఓపీలో నూట ఇరవై మంది నిలబడి ఉంటే ఏం జరుగుతుందో అదే జరిగింది. కింద చెప్పే మార్పు చేయండి.

2. కొలిచే కుర్చీని మార్చండి

మన పీహెచ్‌సీల్లో బీపీ చూసే తీరు ఒకసారి పక్కన నిలబడి గమనించండి. పెద్దాయన ఆటో దిగి, మెట్లెక్కి, ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడి, సరాసరి టేబుల్ దగ్గరికొస్తాడు. వీపు ఆనని స్టూలు మీద కూర్చోబెడతారు. చొక్కా చేయి మీదే కఫ్ చుడతారు. చెయ్యి గాల్లో ఉంటుంది. మిషన్ నడుస్తుండగానే "ఏం తాతా, మాత్రలు వేసుకుంటున్నావా?" అని సిస్టర్ అడుగుతుంది, ఆయన కథంతా చెబుతాడు. 156/94. మందు పెరుగుతుంది. ఈ ఒక్క సీనులో ఐదు తప్పులున్నాయి. మాట్లాడటం వల్లే పై బీపీ 10 పాయింట్ల దాకా పెరగొచ్చు, చెయ్యికి ఆసరా లేకపోతే మరో పది. మూత్రం ఆపుకుని కూర్చున్నా, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది.

చేయాల్సింది ఇది. వరండాలో శబ్దం తక్కువ ఉన్న మూల చూసి, వీపు ఆనే కుర్చీలు నాలుగైదు వరసగా వేయండి. బీపీ పేషెంట్లు ముందు అక్కడ కూర్చోవాలి, ఐదు నిమిషాలు. లైను కుర్చీల మీదే ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ ఐదు నిమిషాలకు అదనంగా సమయం పట్టదు. ఎవరైనా బాత్రూమ్‌కు వెళ్లాలంటే ముందే వెళ్లి రమ్మనండి. టీ, కాఫీ, బీడీ, సిగరెట్ అయి అరగంట కాలేదంటే అరగంట ఆగమనండి. చివరి కుర్చీ పక్కన టేబుల్ ఉండాలి, చెయ్యి దాని మీద ఆనితే కఫ్ గుండె ఎత్తులోకి రావాలి. టేబుల్ పొట్టిదైతే మడిచిన దుప్పటి చాలు. పాదాలు నేల మీద, కాళ్లు విడిగా. మిషన్ నడుస్తున్నంతసేపు పేషెంటూ మాట్లాడకూడదు, సిస్టరూ మాట్లాడకూడదు. నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండింటికీ బాగా తేడా ఉంటే మూడోసారి కూడా చూసి, చివరి రెండింటి సగటు రాయండి. మిషన్ చూపిన అంకె ఎంతుంటే అంతే రాయాలి: 143 అయితే 143.

ఆడవాళ్ల బ్లౌజు చేయి గురించి విడిగా చెప్పాలి. బిగుతు చేతిని పైకి మడిస్తే అది భుజం కింద తాడులా బిగుసుకుని రీడింగు చెడుతుంది. వీలైతే బ్లౌజులోంచి చెయ్యి బయటికి తీసి కొలవడానికి ఒక కర్టెన్ కట్టండి. అదీ కుదరకపోతే మడవడం కంటే పల్చటి బట్ట మీదే కఫ్ చుట్టడం మేలు.

కఫ్ సైజు ఇంకో సంగతి. మిషన్‌తో వచ్చే మామూలు కఫ్ సుమారు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. పెద్ద కఫ్ ఒకటి తెప్పించుకుని, టేప్ ఒకటి టేబుల్‌కే కట్టి ఉంచండి. పై చేతికి పెట్టే, ప్రమాణ పరీక్షలో నెగ్గిన డిజిటల్ మిషన్ కావాలి. మణికట్టు మిషన్లు వద్దు. బ్యాటరీలు అయిపోయి మిషన్ మూలపడటం ఎంత మామూలో అందరికీ తెలుసు, కాబట్టి పైనుంచి సరుకు కోరుతూ పెట్టే ఇండెంట్‌లో బ్యాటరీలు కూడా రాయండి. నాడి ఒక పద్ధతి లేకుండా కొట్టుకుంటున్నవాళ్లలో మిషన్ను నమ్మకండి. డాక్టరు స్టెతస్కోపుతో చూడాలి, ఈసీజీ తీయించాలి.

కొత్తవాళ్లకు ఒక్క రీడింగుతో బీపీ ముద్ర వేయొద్దు. 140/90 లేదా ఆపైన ఉంటే వేరే రోజు మళ్లీ చూసి నిర్ధారించండి. 180/110 దాటితే మాత్రం వాయిదా వేయకుండా అదే రోజు డాక్టరు చూసి నిర్ణయం తీసుకోవాలి. ఆసుపత్రి అంటేనే టెన్షన్ పడి బీపీ పెరిగేవాళ్లుంటారు. ఇంట్లో మిషన్ ఉంటే వారం రోజులు పొద్దున, సాయంత్రం చూసి రాసుకు రమ్మనండి. ఇంటి రీడింగుకు గీత 135/85.

3. మందుల పట్టికను గోడకు అతికించండి, దాన్నే పాటించండి

ఒకే ఊళ్లో ముగ్గురు బీపీ పేషెంట్లకు మూడు రకాల మందులుంటే స్టాకు నిలబడదు, నర్సుకు ఏది పెంచాలో తెలియదు, మెడికల్ ఆఫీసరు బదిలీ కాగానే అంతా మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రాష్ట్ర ప్రొటోకాల్. వరస సాధారణంగా ఇలా ఉంటుంది: ముందు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా., నెలకు తగ్గకపోతే దానికి టెల్మిసార్టాన్ 40 చేర్చడం, తర్వాత మోతాదులు పెంచడం, అప్పటికీ తగ్గకపోతే క్లోర్‌థాలిడోన్ 12.5 (ఇది నీటి మాత్ర, అంటే ఒంట్లో నీరు తగ్గించేది). రాష్ట్రాన్ని బట్టి వరసలో చిన్న తేడాలుంటాయి, మీ రాష్ట్రానిదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేసి ఓపీ గదిలో, మందుల గదిలో, సబ్‌సెంటర్లో అతికించండి.

రెండో కుప్ప పెద్దదవడానికి కారణం పట్టిక లేకపోవడం కాదు, "చూద్దాం, వచ్చే నెల" అనే మాట. 152/96 ఉంటుంది, ఓపీ చీటీ మీద "అవే మందులు" అని రాసి పంపేస్తాం. పేషెంటు కూడా సంతోషిస్తాడు, మాత్ర పెరగలేదు కదా. అలా ఏడాది గడిచిపోతుంది. దీనికి మందు ఒక్కటే: 140/90 దాటిన ప్రతి విజిట్‌లోనూ మందు పెంచాలి, లేదా ఎందుకు పెంచలేదో ఒక ముక్క రాయాలి. "మాత్రలు మానేశారు", "నొప్పి బిళ్లలు వాడుతున్నారు", ఏదైనా సరే. ఖాళీ వదలకూడదు. రెండు వారాలు ఈ నియమం పాటించి చూడండి, మీ కలం ఎంత బరువుగా కదులుతోందో మీకే తెలుస్తుంది.

ఒకే మందును రెట్టింపు చేయడం కంటే ఇంకో రకం మందు చేర్చితే బీపీ సుమారు ఐదు రెట్లు ఎక్కువ తగ్గుతుందని 42 ట్రయల్స్‌ను కలిపి చూసిన 2009 నాటి విశ్లేషణ చెప్పింది. పైగా ఆమ్లోడిపిన్ 10కి వెళ్లినకొద్దీ చీలమండల వాపు ఎక్కువవుతుంది, ముఖ్యంగా ఆడవాళ్లలో. ఆ వాపు చూసి నీరు తగ్గే మాత్ర రాయడం మామూలు పొరపాటు. మందు తెచ్చిన వాపుకు ఇంకో మందు అవసరం లేదు, మోతాదు తగ్గించి టెల్మిసార్టాన్ చేర్చితే చాలామందిలో తగ్గిపోతుంది.

జాగ్రత్తలు కొన్నే గానీ, తప్పనిసరివి. గర్భిణులకు, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకు టెల్మిసార్టాన్ వద్దు. పెళ్లైన యువతిని నెల తప్పిందా అని అడగకుండా రాయకండి. టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ మొదలుపెట్టాక కొన్ని వారాల్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం చూడాలి. ముసలివాళ్లలో క్లోర్‌థాలిడోన్‌తో సోడియం పడిపోవచ్చు, "మనిషి మత్తుగా ఉంటున్నాడు" అని ఇంట్లోవాళ్లు అంటే ముందు అదే అనుమానించండి. బయట డాక్టరు దగ్గర ఏళ్లుగా అటెనొలాల్ వాడుతూ మీ దగ్గరికొచ్చినవాళ్లకు దాన్ని ఒక్కసారిగా ఆపేయకండి, బీపీ, గుండె వేగం ఎగిరిపోతాయి. ల్యాబు పరీక్షలు చేయించండి, కానీ రిపోర్టు వచ్చేదాకా బీపీ మాత్ర మొదలుపెట్టకుండా ఆపొద్దు.

మందులు పెంచేముందు అడగాల్సిన ప్రశ్నలు రెండు.

మొదటిది: ఇవాళ మాత్ర వేసుకున్నారా? ఇది చిన్న ప్రశ్నలా ఉంటుంది గానీ, మన దగ్గర చాలా పెద్దది. షుగర్ పరీక్ష కూడా ఉందని పరగడుపున వస్తారు. పరగడుపున అంటే మాత్ర కూడా వేసుకోకూడదు అనుకుంటారు. దాంతో ఆసుపత్రికి వచ్చిన ప్రతిసారీ బీపీ ఎక్కువే. షుగర్ మాత్ర తిండితో పాటు వేసుకోవచ్చు గానీ, బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకునే రావాలి. కార్డు మీద రాసివ్వండి.

రెండోది: ఒళ్లు నొప్పులకు ఏం వాడుతున్నారు? పొలం పనికి వెళ్లొచ్చి, ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ సూది వేయించుకునేవాళ్లు, మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కునేవాళ్లు ఎంతమందో. ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, టెల్మిసార్టాన్, నీటి మాత్రలతో కలిస్తే ఇంకా ప్రమాదం. కిడ్నీ జబ్బు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలాంటి చోట పనిచేస్తుంటే ఈ ప్రశ్న అడగకుండా ఎవర్నీ పంపకండి. నొప్పికి పారాసెటమాల్ ఇచ్చి, ఊళ్లోని ఆర్‌ఎంపీలను ఒకరోజు పిలిచి టీ ఇచ్చి మాట్లాడండి. వాళ్లను తిట్టి పంపిస్తే ఆ సూదులు ఆగవు.

4. స్టాకు లెక్క నమోదును బట్టి కట్టండి, ఖర్చును బట్టి కాదు

ఫార్మసిస్టు సాధారణంగా పోయిన నెల ఎన్ని మాత్రలు ఖర్చయ్యాయో చూసి ఇండెంట్ పెడతాడు. ఇందులో ఒక చిక్కుంది. పోయిన నెల మధ్యలోనే మాత్రలు అయిపోయాయనుకోండి. ఖర్చు తక్కువ కనిపిస్తుంది. దాన్ని బట్టి ఈసారి ఇంకా తక్కువ అడుగుతాం. మళ్లీ ముందే అయిపోతాయి. "గవర్నమెంటు ఆసుపత్రిలో మందులుండవు" అని పేషెంట్లు తగ్గిపోతారు, ఖర్చు ఇంకా తగ్గుతుంది. కాగితం మీద మాత్రం అంతా సరిగ్గానే ఉంటుంది.

కాబట్టి నమోదైనవాళ్లను బట్టి కట్టండి. పైన చెప్పిన 400 మందే తీసుకుంటే, అందరికీ ఆమ్లోడిపిన్ 5 రోజుకు ఒకటి అంటే నెలకు 12,000 మాత్రలు. వాళ్లలో 40 శాతం మందికి టెల్మిసార్టాన్ 40 కూడా కావాలనుకుంటే నెలకు 4,800. మూడు నెలలకు 36,000, 14,400. దానికి ఒక నెల నిల్వ కలపండి: 48,000, 19,200. మీ దగ్గర ఎంత శాతానికి రెండో మందు పడుతోందో రిజిస్టరులోనే ఉంటుంది, ఆ శాతం వేసుకోండి. ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ మందుల పోర్టల్‌లో ఇండెంట్ పెట్టేటప్పుడు ఈ లెక్క కాగితం జత చేస్తే పైవాళ్లు కోత పెట్టడానికి ఆలోచిస్తారు.

ఒకసారి వస్తే ముప్పై రోజుల మాత్రలు ఇవ్వండి. పది రోజులకు ఇచ్చి మళ్లీ రమ్మనడం అంటే కూలీ చేసుకునే మనిషికి నెలకు మూడు రోజుల కూలి పోగొట్టడమే. రెండోసారికి వస్తాడేమో, మూడోసారికి రాడు. అదుపులో నిలిచినవాళ్లకు రెండు, మూడు నెలలకు సరిపడా ఇచ్చినా తప్పులేదు, వాళ్లను మూడు నుంచి ఆరు నెలలకోసారి చూస్తే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల్లోనే ఉంది. పాలమూరు నుంచో, సిక్కోలు నుంచో వలస పోయేవాళ్లకు ఇది ఇంకా అవసరం. బస్సెక్కే ముందు సంచిలో మాత్రలు, చేతిలో కార్డు ఉండాలి.

5. రానివాళ్ల జాబితా: వారానికోసారి, తప్పకుండా

ఇది అందరూ వాయిదా వేసే పని. ఫలితం ఎక్కువిచ్చేది కూడా ఇదే.

మేజా మీద మూడు పెట్టెలు పెట్టి, పేషెంటు కార్డు నకలును వాళ్లు రావాల్సిన నెల పెట్టెలో వేసే పద్ధతి ఇంకా పనిచేస్తుంది. యాప్ ఉంటే గడువు దాటినవాళ్ల లిస్టు అదే చూపిస్తుంది. ఏదైనా సరే, వారంలో ఒకరోజు, ఒక మనిషి, ఒక గంట. గురువారం మధ్యాహ్నం రెండింటికి ఫలానా సిస్టర్ కూర్చుని ఫోన్లు చేస్తుంది అని పేరుతో సహా రాసి పెట్టండి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ చూడరు.

ఫోన్ ఎలా మాట్లాడాలన్నది ముఖ్యం. "ఎందుకు రాలేదు?" అంటే పేషెంటు అబద్ధం చెబుతాడు, లేదా ఫోన్ పెట్టేస్తాడు. ఇలా మాట్లాడి చూడండి: "పెద్దమ్మా, పీహెచ్‌సీ నుంచి సిస్టర్‌ను. మీ బీపీ మాత్రలు అయిపోయి ఉంటాయి కదా, తీసి పక్కన పెట్టాం. శనివారం వస్తారా, లేకపోతే మీ ఊరి ఆశా అక్కతో పంపించమంటారా?" సాకు అడగకుండా దారి చూపిస్తే మనిషి కదులుతాడు.

నంబర్లతో వచ్చే తలనొప్పి వేరు. రిజిస్టరులో ఆమె పేరు పక్కన రాసి ఉండేది హైదరాబాదులో పనిచేసే కొడుకు నంబరు. నమోదు రోజే రెండు నంబర్లు తీసుకోండి, రెండోది పక్కింటివాళ్లదైనా పర్వాలేదు. అక్కడికక్కడే మిస్డ్ కాల్ ఇచ్చి మోగుతోందో లేదో చూడండి. ఫోన్‌లో దొరకనివాళ్ల పేర్లు ఊరివారీగా విడదీసి ఆశా కార్యకర్తకు ఇవ్వండి, ఒక్కొక్కరికి ఐదారు పేర్ల కంటే ఎక్కువ వద్దు. యాభై పేర్లిస్తే ఆ కాగితం బ్యాగులోనే ఉండిపోతుంది.

ఎందుకు రాలేదో తెలిసినకొద్దీ మీ పద్ధతులు మారాలి. ఎండాకాలం ఉపాధి హామీ పనికి పొద్దున్నే వెళ్లిపోతారు, మీ ఓపీ కూడా పొద్దునే. వారంలో ఒక సాయంత్రం బీపీ, షుగర్ కోసం తెరవండి. మీ దగ్గర అంగడి జరిగే రోజు ఉంటే, ఎన్‌సీడీ రోజు అదే పెట్టండి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఎలాగూ ఆ రోజే వస్తారు. అదుపులోకి వచ్చినవాళ్లను సబ్‌సెంటరుకు మార్చండి, ఎంఎల్‌హెచ్‌పీ బీపీ చూసి అవే మందులు ఇస్తే చాలు. ఎక్కువ ఉన్నవాళ్లే డాక్టరు దగ్గరికి రావాలి.

ఈ రకంగా చేస్తే ఎంత తేడా వస్తుందో అమెరికాలో ఒక పెద్ద ఉదాహరణ ఉంది. ఉత్తర కాలిఫోర్నియాలోని కైజర్ పర్మనెంటె సంస్థలో 2001లో 44 శాతం మందికే బీపీ అదుపులో ఉండేది, 2009కి అది 80 శాతమైంది. వాళ్లు చేసింది అందరి పేర్లతో ఒక రిజిస్టరు, ఒక మందుల పట్టిక, రెండు మందులు కలిసిన ఒకే మాత్ర, డాక్టరు కాకుండా సహాయకులే ఫీజు లేకుండా బీపీ చూసే విజిట్లు, ఎవరి శాతం ఎంతో అందరికీ తెలిసేలా చెప్పడం. వాళ్ల డబ్బు మనకు లేదు, నిజమే. కానీ ఈ జాబితాలో డబ్బుతో కొనాల్సింది పెద్దగా లేదు.

6. పేషెంటుతో ఏం మాట్లాడాలి

రెండు నిమిషాలే దొరుకుతాయి. ఉప్పు, నూనె, నడక, సిగరెట్, మద్యం, బరువు అన్నీ ఏకబిగిన చెబితే ఒక్కటీ నిలవదు. ఒక విజిట్‌కు ఒక మాట.

మొదటి విజిట్‌లో చెప్పాల్సింది ఒకటే: బీపీ ఉన్నట్టు ఒంటికి తెలియదు, మాత్ర ఆపితే మళ్లీ పెరుగుతుంది. "తల తిరగట్లేదు, అందుకే మానేశా" అనే మాట మీరు రోజూ వింటారు. "నార్మల్ వచ్చింది కదా, ఇంకెందుకు?" అన్నది రెండోది. నార్మల్ వచ్చింది మాత్ర వల్లేనని, దాన్ని వేసుకుంటేనే అలా నిలుస్తుందని చెప్పండి. "అలవాటు పడిపోతాం" అని భయపడేవాళ్లతో వాదించకండి, పక్షవాతం వచ్చి మంచాన పడ్డ మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు, వాళ్లకు తెలుసు.

తర్వాతి విజిట్‌లో ఉప్పు. రోజుకు 5 గ్రాముల లోపు అంటే దాదాపు ఒక టీస్పూను, అన్నీ కలిపి. అంకె చెప్పినా ఎవరూ కొలవరు. ఇంట్లో ఉప్పు ప్యాకెట్ ఎన్ని రోజులకు అయిపోతోందో అడగండి. నలుగురున్న ఇంటికి కిలో ప్యాకెట్ యాభై రోజులు రావాలి. ఇరవై రోజులకే అయిపోతోందంటే వాళ్లకే అర్థమవుతుంది. ఆవకాయ పూర్తిగా మానమంటే మీ మాట వినడమే మానేస్తారు. ప్రతి ముద్దకూ కాకుండా, పెరుగన్నంలోకి ఒక్క బద్ద అని ఒప్పించండి. అప్పడం, వడియం, ఉప్పు చేప, మజ్జిగలో వేసే ఉప్పు కూడా లెక్కలోకి వస్తాయని చెప్పండి. పొటాషియం కలిపిన తక్కువ సోడియం ఉప్పు మంచిదే, కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు, టెల్మిసార్టాన్‌లాంటి మందులు వాడేవాళ్లకు డాక్టరును అడగకుండా వద్దు.

మే 17న ప్రపంచ బీపీ దినం అని బ్యానర్ కట్టి ర్యాలీ తీస్తాం. తీయండి, తప్పులేదు. కానీ ఆ రోజు ఫొటోలో ఉన్నవాళ్లలో సగం మందితో రానివాళ్ల లిస్టుకు ఫోన్లు చేయిస్తే ఇంకా బాగుంటుంది.

7. పంపించాల్సినవాళ్లు, పంపించక్కర్లేనివాళ్లు

బీపీ 190/110 ఉంది, మనిషి మామూలుగా మాట్లాడుతున్నాడు, ఛాతీ నొప్పి లేదు, ఆయాసం లేదు. చాలా చోట్ల కంగారు పడి సెలైన్ పెడతారు, నాలుక కింద నిఫెడిపిన్ పిండుతారు. ఆ పని ఎప్పుడూ చేయకండి. బీపీ ఒక్కసారిగా పడిపోయి మెదడుకో గుండెకో రక్తం తగ్గిపోయే ప్రమాదం ఉందని 1990ల నుంచే హెచ్చరికలున్నాయి. కూర్చోబెట్టి, అరగంటాగి మళ్లీ చూడండి. మందులు మొదలుపెట్టండి, ఆపేసి ఉంటే మళ్లీ మొదలుపెట్టించండి. కొద్ది రోజుల్లో, ఆలస్యమైనా వారం దాటకుండా మళ్లీ రమ్మనండి.

దీనికి భిన్నంగా ఛాతీ నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, మాట తడబడటం, చూపు మసకబారడం, ఫిట్స్, ఇందులో ఏదున్నా 108కి ఫోన్ చేయండి. పక్షవాతం లక్షణాలు ఎన్నింటికి మొదలయ్యాయో చీటీ మీద రాయండి, పెద్దాసుపత్రిలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలో వద్దో ఆ సమయాన్ని బట్టే తేలుస్తారు. గర్భిణికి 140/90 దాటితే ఈ మామూలు పట్టిక వర్తించదు, అదే రోజు స్పెషలిస్టు దగ్గరికి. మూడు మందులు పూర్తి మోతాదులో, క్రమం తప్పకుండా వాడినా తగ్గనివాళ్లను, ముప్పై ఏళ్లు నిండకుండానే బీపీ వచ్చినవాళ్లను కూడా పై ఆసుపత్రికి పంపండి. పంపేటప్పుడు ఇంతవరకు ఏ మందు ఎంత ఇచ్చారో రాయండి. లేకపోతే అక్కడ మళ్లీ మొదటి మెట్టు నుంచి మొదలుపెడతారు.

8. నెలాఖరు అరగంట

టీమంతా కూర్చుని మూడే అంకెలు చూడండి: మొత్తం నమోదైనవాళ్లలో అదుపులో ఉన్న శాతం, మూడు నెలలుగా రానివాళ్ల శాతం, చేతిలో ఎన్ని రోజులకు సరిపడా ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ ఉన్నాయి. గోడ మీద చార్టు పేపర్ అంటించి చేత్తో గీయండి. శాతం పడిపోయిన నెల కూడా గీయండి. సబ్‌సెంటర్ల మధ్య పోటీ పెట్టొచ్చు గానీ, తక్కువ వచ్చినవాళ్లకు మెమో ఇచ్చారంటే వచ్చే నెల నుంచి మీకు అందరి రీడింగులూ 138/88 వస్తాయి.

9. ఎండాకాలం వేరు, చలికాలం వేరు

ఎండలు ముదిరాక బీపీ సహజంగానే కాస్త తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. మన దగ్గర మే నెలలో క్లోర్‌థాలిడోన్ వాడుతూ పొలంలో పనిచేసే మనిషికి చెమటలో నీళ్లు, ఉప్పు పోయి కళ్లు తిరగొచ్చు. ఏప్రిల్ నుంచి అరవై దాటినవాళ్లకు, నీటి మాత్ర వాడేవాళ్లకు కూర్చోబెట్టి ఒకసారి, నిలబడ్డాక ఒకటి నుంచి మూడు నిమిషాల్లో ఇంకోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే మోతాదు తగ్గించడం గురించి డాక్టరు నిర్ణయించాలి. విరేచనాలు, వాంతులు పట్టుకున్న రోజుల్లో టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ వేసుకోకుండా ముందు ఆశా కార్యకర్తకో, సిస్టర్‌కో ఫోన్ చేయమని ఇప్పుడే చెప్పి పెట్టండి. తగ్గించిన మందును మళ్లీ ఎప్పుడు చూడాలో, అక్టోబరనో నవంబరనో, కార్డు మీద తేదీ వేసి పంపండి.